మన్మథరావు బావ చేసిన ఒకే ఒక్క తప్పు

మా మన్మథరావు బావకి ఒకటే జబ్బు. రాసిపెట్టిన దాని ప్రకారం లేనిది ఏదైనా సరే, ఒప్పుకోడు. కాశీబుగ్గలో టీ కొట్టువాడు సగం టీ ఇస్తే, సగమంటే ఎంతో ఎక్కడ రాసుందని అడుగుతాడు. ఏడున్నర బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వస్తే ఎక్కడు. "ఇది నా బస్సు కాదురా. నా బస్సు రానేదు" అని ఎండలో నిలబడతాడు.

"పెళ్లినాడు ముహూర్తం రెండు నిమిషాలు దాటీసిందని ఇప్పటికీ సణుగుతాడ్రా" అంటుంది ఆయన భార్య, మా ఉషారాణి అక్క.

ఒకసారి జగదీశ్వరరావుగారి కొట్లో మూడొందల ఇరవై రకం జీడిపప్పు కొన్నాడు. పౌండు బరువుకి అన్ని పలుకులకి మించకూడదని ఆ రకానికి లెక్క. బావ అక్కడే గల్లాపెట్టె పక్కన కూర్చుని లెక్కపెట్టాడు. మూడొందల ముప్పై ఒకటి.

"పదకొండు ఎక్కువొచ్చినాయి. నీకు లాభమే గదా బాబూ?" అన్నాడు జగదీశ్వరరావు.

"ఎక్కువొచ్చినాయంటే పలుకు సిన్నదని. పేరైనా మార్చు, పప్పైనా మార్చు."

వెనక నిలబడ్డ బేరాలన్నీ పక్క కొట్టుకి పోయాయి. ఆ కొట్టు ముందునుంచి వెళ్లడానికి నాకు ఇప్పటికీ మొహం చెల్లదు.

బావది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాముని లైనక్స్ మీద నడిపించడం ఆయన విద్య. రెండింటికీ మధ్య ఒక పొర ఉంటుంది. ప్రోగ్రాము విండోస్‌ని ఏది అడిగినా ఆ పొర అందుకుని లైనక్స్ చేత చేయిస్తుంది. పాపం ప్రోగ్రాముకి ఇల్లు మారిన సంగతే తెలియదు. అయితే ఆ ప్రోగ్రాము రూలు తప్పి రాసుంటే మాత్రం బావ ముట్టుకోడు. "ఆడు తప్పుగా రాత్తే నాను తప్పుగా నడపాలేటి?" అంటాడు.

ఉద్దానంలో ఒక డయాలసిస్ కేంద్రంలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. మొన్నామధ్య పైవాళ్లు మమ్మల్ని ఉద్ధరించదలిచారు. లైనక్స్ ఉన్న కొత్త కంప్యూటర్లు దింపి, పాతవి అదే లారీలో పట్టుకుపోయారు. రోగుల పదకొండేళ్ల రక్తపరీక్షలు పాత విండోస్ ప్రోగ్రాములో ఉన్నాయి. నేను ముందే ప్రోగ్రాముతో సహా ఒక డిస్కులోకి ఎక్కించుకున్నాను గనక సరిపోయింది. కానీ ఆ ప్రోగ్రాము లైనక్స్ మీద నడవదు, మార్చి ఇమ్మందామంటే అది రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పై ఆఫీసుకి ఫోన్ చేస్తే, "కొత్తగా ఎక్కించుకోండి" అన్నారు. పదకొండేళ్ల కిందటి రక్తం మళ్లీ ఎక్కడ తియ్యమంటారో చెప్పలేదు. చచ్చిపోయినవాళ్ల సంగతి అసలే ఎత్తలేదు. 

అందరికంటే తొందర గౌరమ్మది. ఆమెకి కిడ్నీ ఇవ్వడానికి తమ్ముడు రామూర్తి సిద్ధంగా ఉన్నాడు. ఆరేళ్ల పరీక్షల కాగితాలు శుక్రవారానికల్లా విశాఖలో డాక్టర్ల కమిటీ ముందుండాలి. డిస్కు పట్టుకుని సోమవారమే బావ కొట్టుకి పరిగెత్తాను.

ప్రోగ్రాము తెరుచుకుంది. ఏ రోగి పేరు నొక్కినా ఠపీమని మూసుకుపోయింది. బావ రెండు రోజులు దానిమీదే కూర్చున్నాడు. బుధవారం మధ్యాహ్నం కుర్చీలోంచి లేచి రంకెలేశాడు.

"లాడ్జీలో గది ఖాళీ సేసినానని తాళంసెవి ఇచ్చీసినాడ్రా ఈడు! మళ్లీ అదే గదిలో దూరి, బల్లమీద ఒగ్గీసిన కాగితం సదూతన్నాడు!"

ఈడంటే ఆ ప్రోగ్రాము, గదంటే కంప్యూటరు మెమరీలో అది వాడుకునే చోటు. పాత విండోస్‌కి ఖాళీ అయిన గది వెంటనే ఊడ్చే అలవాటు లేదట. అందుకని కాగితం అక్కడే ఉండేది, ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. బావ పొర రూలు ప్రకారం వెంటనే ఊడ్చేస్తోంది.

"అయితే మనమూ ఊడవకండా ఒగ్గీద్దాం బావా."

"ఆడు తప్పుగా రాత్తే..."

"మనిషి సచ్చిపోతాది బావా!" అని అరిచాను. ఆయన ఒప్పుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆయన మొహం చూడ్డానికే అసహ్యమేసింది.

మర్నాడు గౌరమ్మే రామూర్తి బండెక్కి వచ్చింది. చేతికి దూది పట్టీ, కాళ్లకి వాపు. స్టూలు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"ఆ డబ్బాలో నా కాగితాలున్నాయంట గదా బాబూ. ఎందుకు రావు?"

"రాసినోడు రూలు ఇరగ్గొట్టీసినాడమ్మా."

"ఇరిగితే పారేత్తారేటి? నాను ఇరవయ్యేళ్లు పలాసలో పప్పేరినాను. ఇరగని నిండు పలుకు గుండు. గుండు ఇరిగితే బద్ద. బద్ద ఇరిగితే ముక్క. ముక్క ఇరిగితే నూక. దేని డబ్బా దానిదే, దేని సీటీ దానిదే. ముక్కని రాసి ముక్క అమ్మితే తప్పేటుంది? రాయకండా గుండులో కలిపితేనే మోసం."

 "ముక్కకీ గ్రేడుంది" అని గొణుక్కుని బావ తెరవైపు తిరిగాడు. సాయంత్రానికి గౌరమ్మ ఆరేళ్ల కాగితాలు ప్రింటరులోంచి వచ్చాయి. ఆపమన్నా బావ ఆపలేదు. మొత్తం నాలుగువందల పన్నెండు మంది రోగులవీ, పోయినవాళ్లవి కూడా, ఎవరి కట్ట వాళ్లకి కుట్టి ఇచ్చాడు. "ఇంక ఏ లారీ వచ్చినా పట్టుకుపోనేదు" అన్నాడు.

కాగితాలు శుక్రవారం పొద్దున్నే విశాఖ చేరాయి. కమిటీ మాత్రం పన్నెండు రోజుల తర్వాత తీరిగ్గా కూర్చుంది. మా కేంద్రానికి ఒక ప్రశంసాపత్రం వచ్చింది, కంప్యూటర్లు పంపినాయన పేరు మీద.

బావ పొరలో ఏం మార్చాడో తర్వాత చూశాను. మార్చిన చోట పైన తెలుగులో రాసుకున్నాడు: "ఈ ఒక్క ప్రోగ్రాముకి గది వెంటనే ఊడవకూడదు. ఇది తప్పు. కావాలనే చేశాను. లోపల గౌరమ్మగారి కాగితాలున్నాయి. ఎవరూ సరిచెయ్యొద్దు. మన్మథరావు."

"మొత్తానికి తప్పు సేసీసినావు బావా" అన్నాను.

"రాసి సేసినానురా!" అని నామీద ఎగిరాడు.

ఆపరేషనై ఇంటికొచ్చాక గౌరమ్మ బావకి అరకిలో జీడిపప్పు పంపింది. పొట్లం మీద వంకర అక్షరాలతో 'ముక్క' అని రాసింది. బావ పేపరు పరిచి అంతా ఏరాడు. ఒక్క గుండు దొరికింది.

"సూసినావా, కలిపీసింది" అని అదొక్కటీ నోట్లో వేసుకున్నాడు.