అటూ ఇటూ పట్టిన అద్దం

మొన్న మా మేనల్లుడి కారు తలుపు అద్దం పగిలింది. కుడిది ఎడమకు పట్టదు, ముందుది వెనక్కు పట్టదు, నిరుటి కారుది ఈ ఏటి కారుకు పట్టదు, కొత్తది తెప్పించే దాకా ఆగాల్సిందేనని కరీంనగర్ షోరూం వాళ్లు చెప్పారట. వాడు విసుక్కుంటుంటే నాకు నవ్వొచ్చింది. కారు అద్దం మీద విసుక్కునే హక్కు లోకంలో ఎవరికైనా ఉండవచ్చు గానీ వాడికి లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు మా అక్క మగడు, అంటే మా బావ, జమ్మికుంటలో పత్తి లారీలు బాగుచేసే షెడ్డు నడిపేవాడు. నేను అతని దగ్గరే పని. షెడ్డు వెనకే ఇల్లు. బొగ్గు గనుల ఆసుపత్రి డాక్టరమ్మకు ఒక ఎర్ర కారు ఉండేది. నేలకు ఆనినట్టుండే, ఇద్దరే పట్టే ఇంగ్లండు సీమ కారు. కొంగు నడుముకు చెక్కి ఆమె దాన్ని తోలుతుంటే బజారంతా నిలబడి చూసేది. అది గంటకు నూరు మైళ్లు పోగా కళ్లారా చూశానని చాలామందికి చెప్పాను. ఎడ్లబండ్ల మధ్య మా దోవలో ముప్పై దాటితే గొప్ప. ఆ మోత వింటే మాత్రం నూరనే అనిపించేది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఎదురొచ్చిన లారీ చక్రం కింది రాయి ఎగిరొచ్చి తగిలి ఆ కారు కుడి తలుపు అద్దం పగిలింది. డాక్టరమ్మ తడిసి ముద్దై మా షెడ్డుకొచ్చింది. ఆ పొద్దుటి నుంచి అక్క నొప్పులు పడుతోంది. మంత్రసాని ఉంది కదా అని తనకు తానే ధైర్యం చెప్పుకుంటూ, ఇంటివైపు చూస్తూ, బావ పనికి దిగాడు. షెడ్డులో అదే కంపెనీ పాత పెద్ద కారొకటి పడి ఉంది. దాని అద్దం ఊడదీసి, పటాలు కట్టే ఆయన దగ్గర అద్దాలు కోసే వజ్రం తెచ్చి, కొలత పెట్టి గీశాడు. కారు అద్దాన్ని కాల్చి గట్టిపరుస్తారని, గీటు పడితే అది ఓర్చుకోదని మాకేం తెలుసు? పటికబెల్లం పలుకుల్లా మొత్తం రాలిపోయి, బావ చేతిలో వజ్రం ఒక్కటే మిగిలింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఎడమ అద్దాన్ని పైకీ కిందికీ తిప్పి చూసి, ఇది పలకలా చదునుగానే ఉంది, ఎక్స్‌రే ఫిల్మును తిరగేస్తే ఎడమ చెయ్యి కుడి చెయ్యిలా కనబడదా, దీన్నీ తిరగేసి ఇటు పెట్టి చూడమంది. తన పక్కన ఎలాగూ ఎవరూ కూర్చోరని కూడా అంది. బావ అలాగే కుడి తలుపులోకి దించాడు. పుట్టిందే అక్కడన్నట్టు అది ఒదిగిపోయింది. ఎడమ పక్కకు టార్పాలిన్ ముక్క కట్టాం.

ఆమె తాళం తిప్పబోతుండగా మంత్రసాని వచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగింది కొడుకా. ఇగ నాతోని కాదు."

డాక్టరమ్మ లోపలికి పోయి చూసి గడపలోకొచ్చింది.

"ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నేను సూది వేసేలోపు ఆ అద్దం మళ్లీ ఎడమకు మార్చు. ఆమెకు జ్వరం, తడవకూడదు. నేను తడిస్తే ఆరిపోతాను."

"వాన మొకం మీదనే కొడ్తది డాక్టరమ్మా, ఎట్ల తోలుతరు?" అన్నాడు బావ.

"కళ్లద్దాలున్నాయి కదయ్యా."

బావ టార్పాలిన్ విప్పి, అద్దాన్ని మళ్లీ ఎడమ తలుపులోకి దించాడు. ఎడమ సీటులో అక్కను బొంతతో చుట్టి కూర్చోబెట్టి, అద్దం పైకెత్తాడు.

ఆ కారు వెనక వేలాడుతూ ఆసుపత్రి దాకా పోయానని మేనల్లుడికి వాడి చిన్నప్పుడు చెప్పాను. అబద్ధం. బావా నేనూ ఏదో లారీ పట్టుకుని వెనకాల చేరేసరికి వాడు పుట్టి ఏడుస్తున్నాడు. ఆరిపోతానన్న మనిషి ఇంకా ఆరలేదు. నర్సు దగ్గర తీసుకున్న తెల్లచీర కట్టుకుని, తలలోంచి నీళ్లు కారుతుండగా, అక్క నాడి చూస్తోంది.

ఇప్పటి కార్లలో మీట నొక్కితే అద్దం లేస్తుంది, ఎంత వాన కొట్టినా ఎవ్వరం తడవం. ఏ తలుపు అద్దం ఆ తలుపుదే. సుఖంగానే ఉంది. అయినా ముసురు పట్టినప్పుడు వాడి పక్కన ఎడమ సీటులో కూర్చుంటే, కుడివైపు అద్దం కాసేపు దించమని అడగాలనిపిస్తుంది. అడిగాను కూడా.

"సీటు తడుస్తది మామా," అన్నాడు.