యజమాని పేరు

కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఎవరు వచ్చినా ముందు "ఆపి, మళ్ళీ ఆన్ చేశారా?" అని అడుగుతాడు. రోజంతా అదే అడిగి గొంతు అరిగిపోయింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కీబోర్డు బోర్లించి తట్టి, మెడ నొక్కుకుంటాడు. ఆ సాయంత్రం షట్టరు సగం దించాక ఒకావిడ చనిపోయిన తన భర్త లాప్‌టాప్ తెచ్చింది. అందులోని ఫొటోలు తెరవబోతే 'మీకు అనుమతి లేదు' అని వస్తోంది.

"ఇన్నేళ్ళు కాపురం చేసినదానికి అనుమతి లేదట, చూడన్నయ్యా!" అంది నవ్వబోయి.

"ఈ ఫొటోలకి యజమానిగా ఆయన పేరుందమ్మా. అది తీసి మీ పేరు పెడితే చిటికెలో పని."

"ఆయన పేరు తీసెయ్యాలా?"

అతను మౌస్ వదిలేశాడు. ఆవలింత ఆపుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"వద్దులెండి. ఆయన పేరు అలాగే ఉంచి, ఆయన ఖాతాలోంచే, ఆయన చేతే మీకు అనుమతి ఇప్పిస్తాను. కాస్త ఆలస్యమవుతుంది, కూర్చోండి."