మూడు వేళ్ల సందు

ఉదయం ఐదున్నరకే సామర్లకోట స్టేషన్లో ఉన్నాను. విశాఖకు జనరల్ టికెట్టు తీసుకున్నాను. పొద్దుటి రైల్లో అనకాపల్లి దాకా కూర్చోవడం కష్టం. దువ్వాడ వచ్చాక పెట్టె సగం ఖాళీ అవుతుంది. వెళ్లేవాళ్లు కిటికీ మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

నేను బయలుదేరింది ఒక కారును చూడటానికి. అమెరికాలో ఒక చిన్న కంపెనీ కొద్దిపాటి కార్లే చేసి ఆపేసిందట. నేల మీద ఎంత వేగంగా పోవచ్చో తేల్చడానికే పుట్టిన బండి. గంటకు నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుందంటారు. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో ప్రదర్శనకు తెచ్చి, ఆ రోజు కంటెయినర్లో పెట్టి ఓడలో తిప్పి పంపుతున్నారు. ఆ పని చూసే ఏజెన్సీలో నా భార్య తమ్ముడు సూరిబాబు సూపర్‌వైజరు. నాది డ్రైవింగ్ స్కూలు. ఒక్కసారి ఆ కారు పక్కన నిలబడనివ్వమని నేనే అడిగాను.

అనకాపల్లిలో నాకు చోటు దొరికింది. ఎదురు సీటాయన స్టీల్ ప్లాంటు ఉద్యోగి, ఎప్పుడో తణుకు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. కారు సంగతి విని, “నాలుగొందలా? గాజువాక జంక్షన్ ట్రాఫిక్కులో నలభై మీద పోనిమ్మనండి, వచ్చి దండం పెడతాను” అన్నాడు. పెట్టెలో అందరం నవ్వుకున్నాం. ఆయన దువ్వాడలో దిగిపోయాడు.

తొమ్మిది దాటాక విశాఖ చేరాను. సూరిబాబు స్కూటరుతో బయట ఉన్నాడు.

“తిన్నావేటి బావా?”

అతని మొదటి మాట ఎప్పుడూ అదే. అత్తవారి ఊరు పద్మనాభం. ఆ ఇంటికి నేను పెద్దల్లుణ్ణి. మొదటి విస్తరి నాది, మంచం నాది, ఫ్యాను నాది. ఆ మర్యాదను నా గొప్పతనం అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. కంచరపాలెంలో తన ఇంటి దగ్గర టిఫిన్ బడ్డీలో నాకు ప్లేటు చేతికిచ్చాకే అతను తనది తీసుకున్నాడు.

పోర్టు రోడ్డులో ట్రెయిలర్ల వరస కదలడం లేదు. ఆకుల మీద, హెల్మెట్ల మీద, టీ గ్లాసుల మీద కూడా బొగ్గు పొడి. కంటెయినర్ యార్డు గేటు దగ్గర కారును మోసుకొచ్చిన లారీ ఆగి ఉంది. దానికి లోపలికి అనుమతి దొరకలేదు. గేటు నుంచి షెడ్డు దాకా అర కిలోమీటరు కారు తన చక్రాల మీదే పోవాలి. దారిలో రెండు స్పీడు బ్రేకర్లు, మధ్యలో ఒక రైలు పట్టా. రెండు గంటలకల్లా కంటెయినరుకు సీలు పడకపోతే ఓడ తప్పిపోతుంది.

కారు ఎత్తు నా నడుము దాకానే ఉంది. ముక్కు కింద పల్చటి నల్లటి అంచు నేలను దాదాపు తాకుతోంది. గాలిని పట్టి కారును రోడ్డుకు అదిమి ఉంచేది అదేనట. స్పీడు బ్రేకరు వస్తే ఇద్దరు మనుషులు ముందు నడిచి, చక్రాల కింద చెక్కలు పేర్చి, కారును ఎక్కించి దించాలి. ఎడమవైపు మనిషికి ఆ రోజు జ్వరం. కుడివైపు సూరిబాబే. మేనేజరుతో మాట్లాడి నాకు పాసు రాయించాడు.

“డ్రైవరుకి నేల అగుపడదు బావా. మన సేతులే ఆడికి కళ్లు. అంచు కింద మూడు వేళ్ల సందుంటే సెయ్యెత్తి ఉంచు. తగ్గిందా, పిడికిలి బిగించెయ్. గీత పడితే నా ఉజ్జోగం ఉండదు.”

ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనేలే అన్నాను.

“అందుకే కదా నిన్నెట్టినాను.”

ముంబై నుంచి వచ్చిన డ్రైవరు ఇంజను స్టార్ట్ చెయ్యగానే నా పక్కటెముకలు అదిరాయి. ఆ చప్పుడుతో కారు నడక వేగంలో కదిలింది. మొదటి బ్రేకరు దగ్గర వంగి సందునే చూస్తూ చెయ్యెత్తి ఉంచాను. రైలు పట్టా దాటేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. రెండూ క్షేమంగా దాటాక నాకు ధైర్యం వచ్చింది. రెండో బ్రేకరు దగ్గర ఎడమ చెయ్యి ఎత్తి ఉంచి, కుడి చేత్తో జేబులోంచి ఫోను తీసి వీడియో మొదలుపెట్టాను. స్కూల్లో కుర్రాళ్లు ఫోను ముట్టుకుంటే బండి దింపేసే మనిషిని నేను.

చీపురుతో గచ్చు గీకినట్టు చిన్న చప్పుడు. అవతలి నుంచి సూరిబాబు కేక. కారు ఆగి, వెనక్కి జరిగింది. వంగి చూశాను. అంచు కింద బొటనవేలంత గీత, తెల్లగా.

“తగిలినాదేటి?” అని సూరిబాబు అడిగాడు.

“ఏం లేదు” అన్నాను.

షెడ్డులో మేనేజరు గోనె పరిచి పడుకుని, టార్చి వేసి అంగుళం అంగుళం చూశాడు. ఎడమవైపు టార్చి ఆగిపోయింది. లేచి, ఎడమ పక్కన ఎవరున్నారని తెలుగులో అడిగాడు. డ్రైవరుకు మా మాటలు తెలియవు. నోరు తెరవడానికి కావలసినంత సమయం దొరికింది. తెరవలేదు.

“నానే సార్. బావకి సేత కాదని నానే ఎడం పక్కకొచ్చినాను.”

రేపటి నుంచి రావద్దన్నాడు మేనేజరు. సాయంత్రం ఆరు దాకా ఆఫీసులో ఉంటానని, వచ్చి పాసు అప్పగించి వెళ్లమని చెప్పాడు. సీలు పడింది. టైముకే పడింది.

సూరిబాబు నన్ను స్కూటరు మీద స్టేషనుకు తెచ్చాడు. ఎందుకలా చెప్పావని దారిలో అడిగాను.

“పదిమందిలో మా ఇంటల్లుడు మాట పడతాడేటి? అక్కకి సెప్పకు.” అంటే, చప్పుడు విన్నప్పుడే అతనికి తెలుసు.

మూడు గంటల రైలెక్కాను. తిరుగు ప్రయాణంలో కూర్చోవడానికి చోటు తేలిగ్గానే దొరికింది. దువ్వాడ దాటాక ఫోను తీసి వీడియో చూశాను. కారు అందులో ఒక మూల నల్లటి చార మాత్రమే. మిగతాదంతా నా ముఖం. సూరిబాబు “ఆపు బావా, ఆపు” అని అరవడం స్పష్టంగా వినిపిస్తోంది. గీసుకున్న చప్పుడూ ఉంది. అప్పటికీ నేను నవ్వుతూనే ఉన్నాను.

మేనేజరుకు పంపేద్దామని నంబరు వెతికాను. అంత వేగపు కారు మనిషి నడకతో పోతుంటే, ఆ కాసేపు కూడా దాని మీద చూపు నిలపలేకపోయాను. ఆ తప్పును కిటికీ పక్కన కూర్చుని వేలితో నొక్కి వదిలించుకోబోతున్నాను. ఫోను జేబులో పెట్టేశాను.

అనకాపల్లిలో దిగి మళ్లీ విశాఖకు టికెట్టు కొన్నాను. ఆరులోపు చేరిపోవచ్చని కౌంటరులో చెప్పారు. ప్లాట్‌ఫారం మీద నిలబడి సూరిబాబుకు ఫోను చేశాను. వెనక్కి వస్తున్నానని, ఆఫీసుకు నాతో రావాలని, ఎడమ పక్కన ఎవరున్నారో మేనేజరుకు నేనే చెబుతానని అన్నాను. అటువైపు ట్రెయిలరు హారన్లు మోగుతున్నాయి.

“తిన్నావేటి బావా?” అన్నాడు.

లేదన్నాను. ఈసారి ఇద్దరం కలిసి తిందామన్నాను.