బోర్లించిన నేమ్‌ప్లేటు

తొంభైలలో ఒక వేసవి. దుర్గ్ నుంచి ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో మా ఇల్లున్న సెక్టర్ 2కి మినీబస్సులో వస్తున్నాను. చేతిలో లండన్ లా కాలేజీ సీటిస్తూ రాసిన ఉత్తరం ఉంది. ఒకేసారి చేతికొచ్చే డబ్బుతో ఫీజు కట్టడానికి నాన్న ముందే రిటైరవుతానని ఆ ఉదయమే ప్లాంటులో దరఖాస్తు ఇచ్చాడు. సంతోషమో భయమో, నాకేమీ అనిపించలేదు.

పక్క సీటు పెద్దాయన ఒళ్లో రేకు నేమ్‌ప్లేటు ఉంది. దాని మీద ఆయన పేరు, కింద క్వార్టర్ నంబరు.

"ఏటమ్మా అది, నౌకరీ కాయితమా?"

"కాదండీ, లండన్‌లో లా చదువుకి. ఫీజు కోసం మా నాన్న ఉద్యోగం మానేస్తున్నారు."

"మరి క్వార్టర్ ఎప్పుడు ఖాళీ సేస్తన్నారు? నౌకరీ వదిలితే ఇల్లు వదలాల గదా బేటీ. మేం నిన్ననే ఇచ్చీసేం."

మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన నా ముఖం చూసి, నేమ్‌ప్లేటును మెల్లగా బోర్లించాడు.

"బాగా సదువుకో" అన్నాడు.

లండన్‌కి నాన్న రాసిన మొదటి ఉత్తరం మీద సెక్టర్ 2 లేదు. నెహ్రూ నగర్‌లో ఎవరింట్లోనో వెనక వాటా చిరునామా ఉంది. నాకు ఏడుపు రాలేదు. కవరును బల్ల మీద బోర్లించి క్లాసుకి వెళ్లాను.