మోగాల్సిన నంబరు

మా సార్ పోయారని సోమవారం పొద్దున వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "నాయిన ఇగ లేడక్కా. చాయ్ తాగుకుంట కుర్చీల్నే ఒరిగిండు" అంది. సంగారెడ్డి ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట. నేను ఇస్నాపూర్‌లోని మా ఆఫీసు తెరిచి, వచ్చినవాళ్లకు ఆ మాటే చెబుతూ కూర్చున్నాను. చాలామంది ఆయనను కేబుల్ సేటుగానే ఎరుగుదురు. ఆయన నాకు చూపించిన సంగతులు వాళ్లకూ తెలియాలని ఇది రాస్తున్నాను.

సార్‌ది పటాన్‌చెరులో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. దుకాణం తమ్ముడికి వదిలేసి కేబుల్ టీవీ వైర్లు లాగారు, తర్వాత ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. నేను గుమ్మడిదల రైతుబిడ్డను. డిప్లొమా అయ్యాక ఆయన దగ్గర పనికి చేరాను. చేరిన రోజే పక్కన కుర్చీ వేయించి, కంప్యూటర్‌లో ఒక పేజీ తెరిచారు. వరుసగా అంకెలు, వాటి కింద మా చిన్న కంపెనీ పేరు, ఇస్నాపూర్ అని ఊరు.

"నెట్ల ఉన్న ప్రతి లైనుకు ఒక నంబరు ఉండాలె బిడ్డా. అదే అడ్రసు. ఒక్క నంబరు రెండు జాగల ఉండొద్దు. అందుకే దునియాను ఐదు భాగాలు చేసి, భాగానికొక సంస్థ పెట్టిన్రు. ఎవరికి ఏ నంబర్లు ఇచ్చిన్రో గీ రిజిస్టర్ల రాస్తరు. ఎవరన్న సూడొచ్చు."

"ఎవరన్న ఇనకపోతే సార్? పోలీసులొస్తరా?"

"పోలీసుల్లేరు. అందరు నమ్ముతున్నరు, గంతే."

ఎన్నిసార్లు చెప్పినా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గేది.

ఆ నమ్మకం ఎంత పలచనిదో ఒక మధ్యాహ్నం చూశాను. ముందు చిట్కుల్ నుంచి నెట్ పోయిందని ఫోన్లు మొదలయ్యాయి. తర్వాత పటాన్‌చెరులో ఉద్యోగాల ఆన్‌లైన్ పరీక్ష పెట్టిన కేంద్రం నుంచి. వాళ్లకున్నది మా లైనే. మూడింటికల్లా మొదలుకాకపోతే పరీక్ష రద్దు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని కూర్చున్నారు. మా వైర్లు చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి.

సార్ అరగంటలో సంగతి పట్టుకున్నారు. సముద్రం అవతల ఒక ద్వీపదేశంలో ఎవరో చిన్న కంపెనీవాళ్లు ఒక అంకె తప్పు కొట్టి, మా నంబర్లు తమవని చుట్టుపక్కల నెట్‌వర్కులకు చెప్పేశారు. అవి నమ్మి ఇంకా అవతలివాటికి చెప్పాయి. మాకు రావాల్సినదంతా వాళ్ల దిక్కు మళ్లింది.

రిజిస్టరులో ఆ కంపెనీ పేరు పక్కనున్న ఫోను నంబరుకు చేస్తే మోగలేదు. మెయిలు తిరిగొచ్చింది. సార్ గొంతు పెంచలేదు. ఆ కంపెనీకి లైను ఇస్తున్నది ఎవరో కనిపెట్టి, వాళ్ల ఫోను నంబరు అదే రిజిస్టరులో వెతికి చేశారు. ఒకావిడ ఎత్తింది.

"మేడమ్, ఐ యామ్ ఫ్రం ఇస్నాపూర్. మై అడ్రసెస్ ఆర్ ఇన్ యువర్ హౌస్."

ఆమె నవ్వలేదు. ఇస్నాపూర్ ఎక్కడుందనీ అడగలేదు. రిజిస్టరు తెరిచి చూసుకుని, అవును, ఇవి మీవే అంది. ఫోన్ పెట్టకుండానే ఆ తప్పు సమాచారాన్ని తమ దగ్గర ఆపేసింది. మూడింటికి ఇంకా పది నిమిషాలున్నాయనగా పరీక్ష కేంద్రం నుంచి నెట్ వచ్చిందని కబురు.

సార్ ఫోన్ బల్ల మీద పెట్టారు. "ఆమె నా మొకం సూడలె బిడ్డా. మన పేరు సూసింది, మనది మనకిచ్చింది" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి రోజున, రిజిస్టరులో ఉన్న మా ఫోను నంబరుకు తానే బయటి నుంచి చేసేవారు. నేను ఎత్తితే "ఉన్నవా? మంచిది" అని పెట్టేసేవారు. ఎందుకు సార్ అంటే, "ఎవడో పరేషాన్ల ఉండి చేస్తడు. మోగాలె గద" అనేవారు.

మరుసటి ఏడు, నంబర్లిచ్చే ఆ ఐదు సంస్థల్లో మన ప్రాంతానిది ఒక పరాయి దేశంలో సభ పెట్టింది. అక్కడ ఎవరైనా ఒక నియమం కావాలని అడగొచ్చు. రిజిస్టరులో ఇచ్చిన ఫోను పనిచేస్తోందని అందరూ ఏటా చూపించాలని సార్ ఒక పేజీ రాసుకుని వెళ్లారు. మేమంతా ఆఫీసులో తెర ముందు కూర్చుని చూశాం. ఒక పెద్ద కంపెనీ మనిషి లేచి, ఇది చిన్న కంపెనీలకు భారమవుతుందన్నాడు. సార్ మైకులో, "సర్, ఐ యామ్ ద స్మాల్ కంపెనీ" అని, ఆ పరీక్ష పిల్లల సంగతి చెప్పారు. అక్కడ ఓట్లు లెక్కపెట్టరు. అభ్యంతరాలు విని, మాటలు సవరించి, అందరూ సరేననేదాకా మాట్లాడతారు. తర్వాతి సభలో ఆ నియమానికి ఒప్పుకున్నారు.

అయితే నా కళ్లలో నిలిచిపోయింది మొదటి సభలో ఆయన మాట్లాడడానికి ముందరి ఘడియ. మైకు దగ్గర వరుస. ముందు ఏదో దేశపు ప్రభుత్వ అధికారి, వెనక ప్రపంచమంతా పేరున్న కంపెనీ ఇంజనీరు, మధ్యలో పొట్టి చేతుల చొక్కాలో మా సార్. పెద్దాయన గదా అని ఎవరో సార్‌ను ముందుకు వెళ్లమన్నారు. ఆయన వద్దని తల ఊపి, మడిచిన కాగితం విప్పి చూసుకుంటూ, తన వంతు కోసం ఒక్కో అడుగే ముందుకు వేశారు.