ఆషాఢంలో పెట్టిన సర్వర్

2002లో సంగతి. కాటన్‌పేటలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టు, దాని మీద రెండు గదుల ఆఫీసు. రెండూ గోవిందప్పగారివే. చీర అంచు కంప్యూటర్‌లో గీస్తే, జకార్డు మగ్గానికి పెట్టే అట్టల్లో ఎక్కడెక్కడ చిల్లులు పడాలో చెప్పే సాఫ్ట్‌వేర్ వాళ్లు అమ్మేవారు. యలహంక మరమగ్గాలవాళ్లు కొనుక్కునేవారు. దాన్ని మొదటినుంచి చివరిదాకా రాసింది గోవిందప్పగారి బావమరిది రమేశ్. ఏళ్లతరబడి అతను చేసిన పని అదొక్కటే.

ఆ పనంతా అతని కంప్యూటర్‌లోనే ఉండేది. కొత్తగా ఇద్దరిని చేర్చుకున్నాక, అందరూ అందులోని ఫైళ్లనే దిద్దుతూ ఒకరు దిద్దింది ఇంకొకరు చెరిపేయడం మొదలైంది. అందుకని లినక్స్ సర్వర్లు పెట్టే నన్ను పిలిచారు. ఒక పాత పెంటియం కంప్యూటర్ డబ్బాలో లినక్స్ ఎక్కించి, సీవీఎస్ పెట్టాను. సీవీఎస్ అంటే వెర్షన్ కంట్రోల్. ఎవరు, ఎప్పుడు, ఏ లైను మార్చారో అన్నీ దాచిపెట్టి, కావలసినప్పుడు పాతది వెనక్కి ఇస్తుంది. దాచే చోటు రిపాజిటరీ, అందులో వేయడం కమిట్.

అంతా సిద్ధమయ్యాక, "రమేశ్, ఇక నువ్వు రాసిన సోర్స్ కోడ్ ఎక్కించేద్దాం" అన్నాను. అతను బావ వైపు చూశాడు.

"ఇప్పుడొద్దప్పా," అన్నారు గోవిందప్పగారు. "ఆషాఢం నడస్తా ఉండాది. శ్రావణం మొదటి శుక్రవారం పూజ చేసి మొదలుపెడదాం."

"ఇది కొట్టు తెరవడం కాదండీ. ఉత్త కాపీ."

"సర్వర్‌లో వేస్తే మొదలుపెట్టినట్టే కదా? సుమ్నే, ఊరికే ఉండప్పా, యాడికి పోతాది?"

రమేశ్ నెమ్మదిగా, "పోనీలే సార్, బావ మాట కాదనలేను. నా దగ్గర ఫ్లాపీలు ఉండాయి" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. మళ్లీ అడిగాను, గోవిందప్పగారు విసుక్కున్నారు. నోరు మూసుకుని వచ్చేశాను.

శ్రావణం రాకముందే రమేశ్ ఫోన్ చేశాడు. "సార్, హార్డ్ డిస్క్ టక్కుటక్కుమంటా ఉండాది. ఒకసారి రాండి." ఆ శబ్దం నాకు బాగా తెలుసు, డిస్క్ పోయే ముందు వచ్చేదది. వెళ్లేసరికి డిస్క్ పూర్తిగా పోయింది. డేటా వెనక్కి తీస్తామనే ప్రతి షాపుకూ తిప్పాం, అందరూ తల అడ్డంగా ఊపారు. ఫ్లాపీలు చూస్తే బూజు పట్టి ఉన్నాయి, ఒక్కటీ చదవడానికి రాలేదు.

కొన్నవాళ్ల దగ్గర ప్రోగ్రాం ఉంది కదా అని గోవిందప్పగారికి ఆశ. వాళ్ల దగ్గరున్నది నడిచే ప్రోగ్రాం, రాసిన సోర్స్ కాదు. కలిపేసిన పులిహోరలోంచి బియ్యం, చింతపండు విడదీసి ఇవ్వమంటే ఎవరివ్వగలరు? మగ్గాలు నడుస్తాయి గానీ, ఇక ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చలేం. ఆ సంగతి ఆయనకు రమేశే చెప్పాడు.

"మళ్లీ రాసేయప్పా, నీ తలకాయలోనే ఉండాది కదా," అన్నారాయన.

"లేదు బావా. రాసి మరిచిపోయినాను. అందుకే కదా రాసి పెట్టుకునేది."

నాకైతే ఎవరినైనా పట్టుకుని అరవాలనిపించింది. ఎవరి మీద అరవను?

శ్రావణ శుక్రవారం నాడు పూజ మానలేదు. ఖాళీ సర్వర్‌కి పసుపూ కుంకుమా పెట్టి, మల్లెపూలు వేసి హారతి ఇచ్చారు. గోవిందప్పగారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఉత్తగా ఉండకూడదురా, ఏదన్నా ఒకటి పెట్టు" అన్నారు. రమేశ్ ఒక ఫైలు తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో 'శ్రీ' అని కొట్టి, కమిట్ చేసి లేచిపోయాడు.

అప్పటినుంచి ఎక్కడికి పిలిచినా సోర్స్ కాపీ ముందు చేతికిస్తేనే సర్వర్ ముట్టుకుంటాను. ఇవ్వకపోతే సంచి సర్దుకుంటాను. నేను నేర్చుకున్నాను సరే, దానివల్ల రమేశ్‌కి ఒరిగిందేమిటి?

కొన్నేళ్ల తర్వాత ఆ డబ్బా తీసేస్తామని మళ్లీ పిలిచారు. రమేశ్ కింద కొట్టులో బట్ట కొలుస్తున్నాడు, నన్ను చూసి తలాడించాడు. పైకి వెళ్లి సర్వర్ చూశాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. రిపాజిటరీ తెరిచాను. కమిట్ ఒక్కటే ఉంది, ఆ 'శ్రీ'.