భీమేష్ సార్ రెండో సీసా

మా భీమేష్ సార్ ఒకదాన్ని చూసి దేన్నీ నమ్మరు. పక్కన రెండోది ఉండాలి. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీ కొంటే, మిరపకాయ లేకుండా వట్టి పిండి బజ్జీ కూడా ఒకటి వేయమంటారు.

"అదెందుకు సార్?" అన్నాడు బజ్జీల వెంకటి.

"కారం మిర్చిదా, నీ పిండిదా? రెండోది తింటెనే తెలుస్తది గద."

వెంకటి ఇప్పుడు సార్ బస్సు దిగడం చూస్తే పొయ్యి ఆర్పేస్తాడు.

ఇంట్లోనూ అంతే. ఆయన భార్య భూదేవి గారు కొత్త చీర కట్టుకుని "ఎట్లుంది?" అని అడిగారట. "పాతది గూడ కట్టుకొని రా, చూసి చెప్త" అన్నారట సార్. ఆ పూట ఇంట్లో వంట కాలేదు. సైన్సు కోసం ఆ మాత్రం పస్తులు తప్పవు.

ఇలాంటి మనిషికి కామారెడ్డిలో మా కాలేజీ ల్యాబులో ఉద్యోగం దొరకడం ఆయన అదృష్టం. పక్క బల్ల నాది. అది నా అదృష్టం. మా పరిశోధనంతా నేచురల్ కిల్లర్ కణాల మీద. పేరు చూసి భయపడకండి, అవి మన రక్తంలో తిరిగే కాపలావాళ్లే. జబ్బు కణం కనబడితే ఎవరినీ అడక్కుండా చంపేస్తాయి. వాటి ఒంటి మీద మీటలుంటాయి. మీట పడితేనే కణం రెచ్చిపోతుంది. ఏ మీట ఉందో చూడటానికి ఒక సీసాలోంచి యాంటీబాడీ అనే మందు చుక్క వేస్తాం. అది తన మీటను వెతికి పట్టుకుంటుంది, యంత్రంలో పెడితే మెరుస్తుంది.

సార్ దాంతోపాటు రెండో సీసా తెప్పిస్తారు. అందులోదీ యాంటీబాడీయే, కానీ ఏ మీటనూ పట్టుకోదు.

"ఏదీ పట్టుకోనిదాన్ని కొనుడెందుకు సార్?" అని మా ల్యాబు పెద్ద అనిల మేడం ప్రతిసారీ విసుక్కునేవారు.

"అది గూడ మెరిస్తె మొదటిదాన్ని నమ్మొద్దని, మేడం."

మేడం చదివింది మొక్కల గురించి. అయితేనేం, తన చేతికి తిరుగులేదని ఆవిడే చెప్పేవారు కాబట్టి మేమంతా నమ్మేవాళ్లం.

ఈ మధ్య దోమకొండ నుంచి వచ్చే ప్రవళిక అనే పరిశోధక విద్యార్థినికి కష్టం వచ్చిపడింది. ఎన్నిసార్లు చేసినా మీట మెరవలేదు. మేడం అందరి ముందూ తేల్చేశారు.

"సీసా ఫారిన్‌ది. అది మంచిగనే ఉంటది. నీ చెయ్యే మంచిగ లేదు. రేపటి నుంచి ఈ పని హరీష్ చేస్తడు."

హరీష్ ఆమె తోటి విద్యార్థి. ఆ పని పోతే ప్రవళిక చదువే ఆగిపోతుంది. ఆ సంగతి మాకందరికీ తెలుసు. తెలిసినవాళ్లం కాబట్టి ఎంతో శ్రద్ధగా నేల చూశాం.

"రెండోదేది మేడం?" అన్నారు భీమేష్ సార్.

"రెండో సీసా గూడ వేసింది గద!"

"సీసా గాదు, రెండో చెయ్యి. పిల్ల చెయ్యి మంచిగ లేదంటె, మంచి చెయ్యి ఒకటి పక్కకు పెట్టి చూడాలె గద. మీకన్న మంచి చెయ్యి ఈడ ఎవలకుంది?"

మేడం కాదనలేక గ్లవుజులు తొడుక్కున్నారు. అవే కణాలు, అదే సీసా. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. తిరుగులేని చేతికీ మీట మెరవలేదు.

"సీసా ఏడ పెడుతున్నరు?" అని సార్ అడిగారు.

"ఫ్రీజర్‌ల సార్. మేడం రోజు తాళం తీసి ఇస్తరు" అంది ప్రవళిక.

సార్ సీసా మీది లేబుల్ చదివి తల పట్టుకున్నారు. "గడ్డకడితె ఇది పాడైతది. మామూలు ఫ్రిజ్‌ల ఉండాలె."

"మరి ఫ్రీజర్‌ల ఎవలు పెట్టిండ్రు?" అన్నాడు హరీష్, ఎక్కడలేని తెలివితో. మేడం ముఖం పాలిపోయింది.

బజ్జీని కూడా నమ్మని మనిషి వెంటనే ఒప్పుకున్నారు. "నేనే పెట్టిన."

"సార్, తాళం చెవి మేడం..." అనబోయాను. సార్ నా కాలు తొక్కారు. ఒక కాలితో నమ్మకం కలగలేదేమో, రెండోదీ తొక్కారు.

ఇన్నేళ్లూ ఈయన వస్తువులను అనుమానించింది మనుషులను తప్పుపట్టకుండా వదిలేయడానికేనా అనిపించింది. ఆ క్షణాన ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. కాళ్లు మాత్రం మండుతున్నాయి.

మేడం తన చేతిలోని తాళం చెవి వైపు చూసుకున్నారు.

"ముందుగాల ఆయన కాలు మీదికెల్లి దిగుండ్రి సార్" అన్నారు. "పెట్టింది నేను. ప్రవళికా, కొత్త సీసా తెప్పిస్త. పని నీదే."

ప్రవళిక ఏడుస్తుందనుకున్నాను. నా కాళ్ల వైపు చూసి పకపకా నవ్వింది.